జలపాతం ఏడు టీల దూరం

ఒరొజాలి ఆకెకి కిలోమీటరంటే ఏమిటో తెలియదని కాదు. బిష్కెక్‌లో మ్యాపులు అచ్చేసే ప్రెస్సులో ముప్పై నాలుగేళ్లు ప్రూఫులు దిద్దిన మనిషి, అక్కడ అందరికీ ఆకె, అంటే పెద్దాయన. దేశంలో ఏ ఊరు ఏ ఊరికి ఎన్ని కిలోమీటర్లో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. చెప్పడు, అంతే. ఆయన లెక్కంతా టీలలో. కెటిల్ పొయ్యిమీద పెట్టిన దగ్గర్నుంచి నీళ్లు మరిగేదాకా మనిషి ఎంత దూరం నడుస్తాడో అది ఒక టీ. ప్రెస్సు నుంచి బ్యాంకు అర టీ. బ్యాంకు నుంచి ఓష్ బజారు రెండు టీలు. శనివారమైతే రద్దీ ఉంటుంది కాబట్టి రెండున్నర.

తాతముత్తాతల కాలంలో కొండల్లో అందరూ దూరాల్ని అలాగే కొలిచేవారు. టీ మరిగేంత, మాంసం ఉడికేంత అనేవారు. తర్వాత రోడ్లొచ్చాయి, రాళ్లమీద అంకెలొచ్చాయి, అందరూ ఆ లెక్క మానేశారు. ఒరొజాలి ఆకె ఒక్కడూ మానలేదు. ఒకసారి చలికాలంలో పక్కింటాయన మంచుమీద జారి కాలు విరగ్గొట్టుకుంటే అంబులెన్సుకి ఫోన్ చేసింది ఈయనే. పెద్ద రోడ్డు నుంచి ఇల్లెంత దూరమని అవతల అమ్మాయి అడిగింది.

"పావు టీ."

"టీ తర్వాత తాగుదురు గాని, ముందు అడ్రసు చెప్పండి తాతగారూ!"

"తాగడం కాదమ్మా, దూరం చెబుతున్నా. కాస్త గబగబా నడిస్తే పావు కూడా ఉండదు."

పక్కింటాయన ఇప్పటికీ ఆ సంగతి ఎత్తితే కాలు తడుముకుంటాడు.

ఇదంతా మాటల్లో ఉన్నంతవరకూ బాగానే ఉండేది. కొండెక్కేటప్పుడే చిక్కు. ఆయన ఒక టీ దూరం నడిచాక నిజంగానే కూర్చునేవాడు. సంచిలోంచి అల్యూమినియం కెటిల్, ప్రెస్సులో చిన్నపిల్ల ఐజిరెక్ పుట్టకముందు కొన్న పంపు స్టవ్వు, పాత దినపత్రికలో చుట్టిన పింగాణీ గిన్నెలు బయటికి తీసేవాడు. స్టవ్వుకి పంపు కొట్టేవాడు, సూది పెట్టి గుచ్చేవాడు, దాన్ని బతిమాలేవాడు. నీళ్లు మరిగేదాకా ప్రెస్సు వాళ్లు పద్నాలుగు మందీ ఆయన చుట్టూ కూర్చోవాల్సిందే. దారిలో పెద్దవాళ్లని దాటి ముందుకెళ్లడం మన దగ్గర ఎంత తప్పో అందరికీ తెలుసు. ప్రెస్సులో అందరికన్నా పెద్దాయన ఆయనే. ఏటా మే నెలాఖరు శనివారం ప్రెస్సు వాళ్లంతా అలా-ఆర్చా పార్కుకి వెళ్లినప్పుడు ఆయన ముందు, మిగతావాళ్లు వెనక.

"ఆయన వెనకాల నడిస్తే కొండెక్కేలోపు గడ్డం పెరుగుతుంది," అనేవాడు యంత్రాల దగ్గర పనిచేసే ఎర్నిస్. గుండెలో ఒకటి, నోట్లో ఒకటి ఉండే మనిషి కాదు. గుండెలో ఉన్నది కాస్త ముందుగానే నోట్లోకి వచ్చేస్తుంది.

ఈ ఏడాది ఆ ప్రయాణం బాధ్యత ఐజిరెక్ మీద పడింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. కంప్యూటర్ మీద మ్యాపులు గీస్తుంది. పెన్సిళ్లని కూడా పొడుగు ప్రకారం పేర్చుకుంటుంది. మే మొదట్లో ఒక సోమవారం మధ్యాహ్నం క్యాంటీన్ గోడకి మ్యాపు అంటించి, స్కేలు పట్టుకుని, అందరి ముందూ నిలబడింది.

"ఎనిమిదింటికి ప్రెస్సు గేటు దగ్గర వ్యాన్ ఎక్కుతాం. తొమ్మిదిన్నరకి కాలిబాట మొదలయ్యే చోట దిగుతాం. జలపాతం నాలుగు కిలోమీటర్లు, అంతా ఎక్కుడే. రెండున్నర గంటలు. పన్నెండింటికి పైన ఉంటాం. సాయంత్రం ఐదింటికి వ్యాన్ వెనక్కి బయల్దేరుతుంది. డ్రైవర్‌తో మాట్లాడేశా."

వంటగది తలుపు తెరుచుకుంది. అసిల్కాన్ ఏజె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. క్యాంటీన్ వంటంతా ఆమెదే. అరవై దాటిన మనిషి. చిన్నవాళ్లందరికీ ఏజె, అంటే అక్క. బాట్కెన్ నుంచి కొత్తగా వచ్చి ఊళ్లో ఎవరూ తెలియక బిక్కుబిక్కుమంటూ ఉన్న ఐజిరెక్‌కి మొదటి నెలంతా రెండో గిన్నె సూపు అడక్కుండానే పోసింది ఆమే.

"ఈసారి నేనూ వస్తున్నా," అంది ఏజె.

"మీరు ఏటా వస్తారుగా ఏజె," అన్నాడు ఎర్నిస్.

"ఏటా వచ్చేది కింద పచ్చికదాకా. మీరంతా పైకి పోతారు, నేను డేగిసాకి కాపలా కూర్చుంటా. తొమ్మిదేళ్లయింది. మీరు దిగొచ్చి ఫోన్లలో చూపిస్తారు. బొటనవేలంత జలపాతం చూసీ చూసీ విసుగొచ్చింది నాకు. జూన్ ఆఖరుకి ఉద్యోగం మానేసి అత్-బాషీలో మా అమ్మాయి దగ్గరికి పోతున్నా. ఇక మళ్లీ వచ్చేది లేదు. ఒక్కసారి దాన్ని నా కళ్లతో నేను చూడాలి."

 ఏజె భారీ మనిషి. మోకాళ్లు మొరాయిస్తాయి. మేడమెట్లెక్కి డైరెక్టరుకి భోజనం ఇచ్చి దిగితే పావుగంట స్టూలు మీద కూర్చోవాలి.

"మీరేమనుకుంటున్నారో నాకు తెలుసు," అంది ఏజె. "లావుగా ఉన్నా, ఆయాసం వస్తుంది, అన్నీ తెలుసు. అందుకే ఒక్క షరతు. నా కోసం ఒక్కరు ఆగినా, పాపం ఏజె అని ఒక్క మాట నా చెవిన పడినా, అక్కడికక్కడే వెనక్కి తిరుగుతా. నా మూలంగా ఇంతమంది ఎండలో నిలబడ్డారన్న మాట నాకొద్దు. ఊరొదిలి పోతూ ఆ పేరు మోసుకుపోను."

ఐజిరెక్ ఏం చేసైనా సరే ఈమెకి జలపాతం చూపించి తీరాలని అక్కడే ఒట్టేసుకుంది. సరిగ్గా అప్పుడే మూలబల్ల దగ్గర్నుంచి తీరిగ్గా ఒక గొంతు వినిపించింది.

"ఏడు టీలు."

అందరూ అటు తిరిగారు. ఒరొజాలి ఆకె కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

"పోయినేడాది ఐదన్నారు కదా ఆకె?" అంది ఐజిరెక్.

"పోయినేడాది పోయినేడాదే. కొండ పెరిగింది."

"కొండ పెరగడమేంటి?" అన్నాడు ఎర్నిస్.

"నువ్వు పెరగలేదా? నీ బెల్టు చూసుకో."

"ఆకె, ఒక్కో టీకి మీకు పాతిక నిమిషాలు పడుతుంది. ఏడు పాతికలు నూటడెబ్భై అయిదు. అంటే మూడు గంటలు అక్కడికే పోయాయి. ఐదింటికల్లా కిందకెలా దిగుతాం?"

"అది నువ్వు చూసుకో. ప్లాన్ నీది. టీ నాది."

పెద్దాయనతో వాదించేదెవరు? ఐజిరెక్ స్కేలు బల్లమీద పెట్టి ఊరుకుంది.

తర్వాతి మూడు ఆదివారాలూ ఒరొజాలి ఆకె ఎవరికీ దొరకలేదు. సోమవారాలు మాత్రం నడుం పట్టుకుని వంగి వచ్చేవాడు. చొక్కా కాలరు మీద తెల్లటి పొడి ఉండేది. ఏమిటని అడిగితే, వయసన్నాడు. పొడి సంగతేమిటంటే, అదీ వయసేనన్నాడు.

"ఆకె బేకరీలో రెండో ఉద్యోగం చూసుకున్నారు," అని ఎర్నిస్ ప్రెస్సంతా చాటాడు.

మూడో సోమవారం ఆయన ఐజిరెక్ బల్లమీద ఒక కాగితం పెట్టాడు. మొదటి టీ, వంగిన బిర్చ్ చెట్టు. రెండో టీ, తెల్లబండకి కుడివైపు నీడ. మూడోది అటునుంచి మలుపు తిరగ్గానే. అలా ఏడు. ఐజిరెక్ వాటిని మ్యాపు మీద గుర్తుపెట్టి కొలిచి చూసింది. ఒక టీకి తొమ్మిదివందల మీటర్లొచ్చాయి. ఇంకో టీకి నాలుగువందలు. నిట్టనిలువుగా ఉన్నచోట రెండువందల యాభై కూడా లేవు.

"ఒక టీకీ ఇంకో టీకీ పొంతనే లేదు ఆకె. కొలతన్నాక ఒకేలా ఉండొద్దా? ఈ ఐదో టీ మరీ చిక్కిపోయింది."

"గాలి ఎక్కువ అక్కడ. స్టవ్వు తొందరగా మండుతుంది."

"గాలుంటే ఆరిపోతుంది కదా!"

"నీకు మ్యాపులు తెలుసు. స్టవ్వుల సంగతి నాకొదిలెయ్."

ఐజిరెక్‌కి కోపం వచ్చింది. ఏజె ఒక్కసారి, ఒకే ఒక్కసారి పైకి రావాలని ఆశపడుతుంటే, ఈయన తన కెటిల్ ముచ్చట కోసం రోజంతా నేలపాలు చేసేలా ఉన్నాడు. పెద్దాయన్ని కాదనడం తనవల్ల కాదు. స్టవ్వుని కాదనడానికేం? శుక్రవారం సాయంత్రం బజారుకెళ్లి మూడు పెద్ద ఫ్లాస్కులు కొంది.

శనివారం వ్యాన్ దిగేటప్పుడు ఆకె సంచి అందుకుంటానని ముందుకొచ్చింది ఐజిరెక్. ఆయన మురిసిపోయి ఇచ్చాడు. కన్ను మూసి తెరిచేలోపు పంపు స్టవ్వు వెనకసీటు కిందికి పోయింది. కాలిబాట మొదట్లో ఒరొజాలి ఆకె అరచేతులు పైకి చాచి దీవెన మొదలుపెట్టాడు.

"దారి తెల్లగా, శుభంగా ఉండాలి. వాన రాకూడదు. వచ్చినా మనం దిగాక రావాలి. అందరి మోకాళ్లూ మాట వినాలి. ఎర్నిస్ నోరు కూడా వినాలి. ఆమీన్."

"ఆమీన్," అని అందరూ మొహాలు తడుముకున్నారు. ఎర్నిస్ కూడా తడుముకున్నాడు.

వంగిన బిర్చ్ చెట్టు దగ్గర ఆకె కూర్చుని సంచి తెరిచాడు. కెటిల్ వచ్చింది. గిన్నెలొచ్చాయి. చెయ్యి అడుగుదాకా పోయి ఖాళీగా బయటికొచ్చింది.

"ఐజిరెక్, స్టవ్వేది?"

"వ్యాన్‌లో ఉండిపోయినట్టుంది ఆకె. ఏం పర్లేదు, ఫ్లాస్కులున్నాయిగా. వేడివేడి టీ!"

అంటూనే గబగబా పోసింది. మన దగ్గర టీ ఎలా పోస్తారో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అతిథికి సగం గిన్నె పోస్తే ఇంకాసేపు కూర్చోండి, మళ్లీ పోస్తానన్నట్టు. అంచుదాకా నింపి ఇస్తే, తాగి ఇక లేవండన్నట్టు. ఐజిరెక్ గిన్నెలన్నీ అంచుదాకా నింపింది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, గుటకలేసి, లేచి నిలబడ్డారు. మూడు నిమిషాలు. ఒరొజాలి ఆకె ఆ గిన్నెల వంకా ఆమె వంకా చూసిన చూపు చెంపమీద కొట్టినట్టుంది. ఆయన లేచి నడిచాడు.

ఆ పైన దారి నిలువుగా ఉంటుంది. మూడు నిమిషాల్లో ఏజె ఊపిరి ఎక్కడ సర్దుకుంటుంది? వందడుగులేసేసరికి మొహం బీట్‌రూట్ ముక్కలా అయిపోయింది. నూటయాభైకి చెయ్యి చెట్టుకొమ్మ వెతుక్కుంది. ముందు ఆకె ఎంత నెమ్మదిగా నడుస్తున్నా ఆమె వెనకబడిపోతూనే ఉంది. ఎర్నిస్ తలతిప్పి చూశాడు. ఆ గుండెలో జాలి పుట్టింది. పుట్టీ పుట్టగానే నోట్లోకొచ్చేసింది.

"ఏయ్, అందరూ ఆగండ్రా! పాపం ఏజెకి ఆయాసంగా ఉంది. ఏజె కోసం కాసేపు ఆగుదాం!"

అందరూ ఆగిపోయారు. ఏజె తలమీది రుమాలు సర్దుకుని కిందికి తిరిగింది.

"ఏజే!" అని పరిగెత్తింది ఐజిరెక్.

"మీరు వెళ్లండమ్మా. నేను వ్యాన్ దగ్గర కూర్చుంటా. ఫోటోలు తియ్యండి, వచ్చాక చూస్తా."

తిట్టినా బాగుండేది. ఆ ఫోటోల మాటకి ఐజిరెక్‌కి ఏడుపొచ్చేసింది. పైనుంచి ఒరొజాలి ఆకె గొంతు లేచింది. ఆయన దారి మధ్యలో చతికిలబడ్డాడు.

"నేను టీ లేకుండా ఒక్క అడుగు వెయ్యను! ఫ్లాస్కు నీళ్లు తాగి కొండెక్కమంటారా నన్ను? ఎప్పుడో, ఎక్కడో మరిగిన నీళ్లు! స్టవ్వు వస్తేనే లేస్తా. లేకపోతే ఇక్కడే ఉంటా. చలికాలం దాకా ఉంటా."

"ఆకె, పిల్లల్ని ఎందుకేడిపిస్తారు?" అంది ఏజె కిందనుంచే, ఎగరొప్పుతూ.

"నేను చెడ్డవాణ్ణి. అందరికీ తెలిసిందే."

"నేను తెస్తాను," అంది ఐజిరెక్ పళ్లు బిగించి. "ఇప్పుడే వెళ్లి తెస్తా."

"పద, నేనూ నీతో దిగుతా," అంది ఏజె.

"నువ్వు దిగితే నాకు టీ కాచేదెవరు?" ఆకె మళ్లీ అరిచాడు. "ఎర్నిసా? పోయినేడాది వీడు కాచిన టీతో బూట్లు పాలిష్ చేసుకున్నా. నా టీ అయ్యాక ఎక్కడికైనా పో, నాకేం?"

ఏజె ఎర్నిస్ వంక చూసింది. ఇన్నేళ్లు వంటగది ఏలిన మనిషి, టీ అతని చేతిలో పెట్టి పోవడానికి మనసొప్పలేదు. "ఆ స్టవ్వు వచ్చేదాకానే," అని ఒక రాయి చూసుకుని కూర్చుంది.

అప్పుడే పైనుంచి పార్కు గార్డు కర్ర ఊపుకుంటూ దిగాడు. ఆకెని చూసి మొహమంతా నవ్వయ్యాడు.

"సలాం ఆకె! ఇవాళ పిండి బస్తా లేదేంటి?"

ఒరొజాలి ఆకెకి పెద్ద దగ్గు తెర వచ్చింది. గార్డు కంగారుపడి మంచినీళ్లిచ్చి, ఐజిరెక్‌తోపాటే కిందికి నడిచాడు. మలుపు తిరిగాక ఆమె అడిగింది.

"పిండి బస్తా ఏంటన్నా?"

"మీవాడేగా, మీకు తెలీదా? మూడు ఆదివారాల నుంచి చూస్తున్నా. వీపుమీద పిండి బస్తా వేసుకుని కొండెక్కుతాడు. ఊపిరాడక ఎక్కడ కూలబడితే అక్కడ నాలుగు రాళ్లు పేరుస్తాడు. లేచి మళ్లీ ఎక్కుతాడు. నేను ముందు ఏదో మొక్కనుకున్నా. తర్వాత ఉండబట్టలేక అడిగా."

"ఏమన్నారు?"

"మా ఆఫీసులో ఒకావిడ ఉంది, నాకన్నా పాతిక కిలోలు ఎక్కువుంటుంది, ఆవిడకి ఎక్కడెక్కడ ఆయాసమొస్తుందో మొయ్యకుండా నాకెలా తెలుస్తుందీ అన్నాడు."

ఐజిరెక్ అక్కడే ఆగిపోయింది. తొమ్మిదివందల మీటర్లు, నాలుగువందలు, రెండువందల యాభై. మ్యాపు మీద తను కొలిచి తప్పుపట్టిన ఆ టీలన్నీ కళ్లముందు తిరిగాయి.

"మరి ఆ పిండి ఏం చేశారు?" అంది చివరికి.

"ఏం చేస్తాడు? దిగేటప్పుడు నాకిచ్చి పోయేవాడు. మూడు వారాలుగా మా ఆవిడ రొట్టెలే రొట్టెలు."

ఐజిరెక్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మిగతా దారంతా పరుగే. వెనకసీటు కింద దూరి స్టవ్వు లాగి, డ్రైవరుని నిద్రలేపింది.

"అన్నా, ఐదింటికి కుదరదు. ఆరున్నర."

"ఐదన్నావు కదా? నువ్వేగా మూడుసార్లు ఫోన్ చేసి మరీ చెప్పింది?"

"కొండ పెరిగిందన్నా."

డ్రైవరు ఆమెని ఎగాదిగా చూశాడు. వెనక డేగిసాలో ఏజె నిన్న రాత్రి వండిన మాంసం వేపుడుందని, అందులో అతనికో పెద్ద పళ్లెం ఖాయమని తేలాక ఒప్పుకున్నాడు.

ఆమె స్టవ్వుతో పైకి చేరేసరికి ముప్పావుగంట దాటింది. అంతసేపూ అందరూ కూర్చునే ఉన్నారు. ఎవరూ ఏజె కోసం ఆగలేదు. మతిమరుపు ఐజిరెక్ కోసం ఆగారు. ఏజె మొహం మామూలు రంగుకొచ్చింది. నోరు కూడా.

"కుర్రపిల్లవి, ఒక్క స్టవ్వు గుర్తుండదా నీకు? చూడు ఎలా రొప్పుతున్నావో! కూర్చో ముందు."

"తప్పయింది ఏజె," అని ఐజిరెక్ ఆకె వైపు చూసి, "తప్పయింది ఆకె," అంది. ఆయన సూదితో స్టవ్వు గుచ్చుకుంటూ తలెత్తలేదు.

టీ ఏజె కాచింది. పోసింది మాత్రం ఒరొజాలి ఆకె. సగం సగం గిన్నెలు. తాగడం అవగానే మళ్లీ సగం. ఎవరో ఎవరి పెళ్లి గురించో మొదలుపెట్టారు, ఇంకెవరో దాన్ని సాగదీశారు. ఐజిరెక్ ఈసారి గడియారం చూడలేదు, ఆయన కళ్లు చూసింది. అవి కెటిల్ మీద లేవు. ఏజె భుజాల మీద ఉన్నాయి. ఆ భుజాలు ఎగిరెగిరి పడడం తగ్గి, మెల్లగా నిలకడకొచ్చాక, ఆయన కెటిల్ ఎత్తి గిన్నెలన్నీ అంచుదాకా నింపాడు. అందరూ తాగి లేచారు. ఏజె కూడా లేచింది. కిందికి పోతానన్న మాట ఆమె ఎత్తలేదు, ఎవరూ గుర్తుచెయ్యలేదు.

అక్కడినుంచి ప్రతి టీ దగ్గరా చిన్న రాళ్లగుట్ట కనిపించింది. ఐజిరెక్ ఒక్కోదాన్నీ చూసి చూడనట్టు దాటింది. ఐదో టీ దగ్గర గాలి లేదు, ఏమీ లేదు, నిట్టనిలువు ఎక్కుడు తప్ప. పగిలిన గుండె అని అందరూ పిలిచే పెద్దబండ దగ్గర ఏజె దానిమీద చెయ్యేసి నిలబడింది.

"ఇది ఎక్కలేకే పగిలుంటుంది. నాది ఇంకా గట్టిగానే ఉంది."

ఎర్నిస్ ఏదో అనబోయాడు. ఐజిరెక్ అతని నోట్లో ఒక బూరె కుక్కింది.

మూడున్నరకి జలపాతం దగ్గరికి చేరారు. ఏజె మిగతావాళ్లని వదిలి, నీటితుంపర మొహాన పడేంత దగ్గరికి ఒక్కతే వెళ్లింది. రుమాలు తడిసిపోయింది. చాలాసేపు అలాగే నిలబడి వెనక్కి తిరిగింది. కళ్లు మెరుస్తున్నాయి.

"ఇంత చప్పుడు చేస్తుందని మీలో ఒక్కరైనా చెప్పారా నాకు?" అని కసిరింది. "తొమ్మిదేళ్లు!"

ఐజిరెక్‌కి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. పరిగెత్తుకెళ్లి ఆమెని వాటేసుకుంది. ఆకె దూరంగా రాతిమీద కూర్చుని ఏడో టీ పోస్తున్నాడు. ఏజె వచ్చి ఆయన చేతిలోంచి కెటిల్ తీసేసింది. తన సంచిలోంచి ఒక సీసా తీసి, అందులో ఉన్న పుల్లటి అంబలి గిన్నెలోకి వంచి ఆయనకిచ్చింది.

"ఇది తాగండి. పొద్దున్నుంచీ గొంతు తడుపుకోలేదు మీరు."

"నేనా? ఇప్పటిదాకా టీలే కదా..."

"పోశారు. ఒక్క గుక్క తాగలేదు. తొమ్మిదేళ్లుగా మీకు అన్నం పెడుతున్నదాన్ని. మీకు టీ పడదని, వాసనొస్తేనే మొహం తిప్పుకుంటారని నాకు తెలీదా? అందరికీ పోసే హడావిడిలో మీ గిన్నె ఎవరూ చూడరు. నేను చూస్తాను."

అందరూ నోళ్లు తెరిచారు. దేశాన్నంతా టీలలో కొలిచిన మనిషికి టీ పడదు! ఒరొజాలి ఆకె చెవులదాకా ఎర్రబడ్డాడు.

"అంటే మీకు ముందే తెలుసా ఏజె?" అంది ఐజిరెక్. "ఆయన ఎందుకు కూర్చుంటున్నారో?"

"ఏడు టీలని నోరు తెరిచినప్పుడే తెలుసు."

"మరి మీ షరతు? మీ కోసం ఎవరైనా ఆగితే తిరిగిపోతానన్నారుగా?"

"ఎవరైనా ఆగామన్నారా? వీడు అన్నాడు, తిరిగా. ఈయన అన్లేదు, వచ్చా," అని ఏజె తీరిగ్గా బూరె కొరికింది. "నోరు మూసుకుని మంచి చెయ్యడం ఎంత కష్టమో నాకు తెలుసు. చేస్తానంటే వద్దనడానికి నేనెవర్ని?"

ఆ మాటకి ఐజిరెక్ గుండె నిండిపోయింది. గుండె నిండితే ఏమవుతుందో ఎర్నిస్‌ని చూసి కూడా నేర్చుకోలేదు.

"పిండి బస్తా సంగతి కూడా తెలుసా ఏజె మీకు? మూడు ఆదివారాలు పాతిక కిలోల బస్తా మోసి..."

"ఐజిరెక్!" అన్నాడు ఆకె.

ఏజె నమలడం ఆపింది.

"బస్తా ఎందుకు?"

జలపాతం ఒక్కటే మాట్లాడింది. ఏజె మెల్లగా లెక్క తేల్చుకుంటుంటే ఆ లెక్క ఆమె మొహంమీద అందరికీ కనిపించింది.

"నేను మీకన్నా పాతిక కిలోలు ఎక్కువా?"

"సుమారుగా," అన్నాడు ఆకె, గిన్నెలోకి చూస్తూ.

"సుమారుగానా! ముప్పై నాలుగేళ్లు మ్యాపులు దిద్దిన మనిషి, పది కిలోల తేడాని పాతికగా కొలుస్తారా?"

"మొదటి ఆదివారం ఇరవయ్యే తీసుకెళ్లా అసిల్కాన్. మరీ తేలిగ్గా ఎక్కేశా. అనుమానం వచ్చింది."

ఇక అక్కడ ఎవరూ నవ్వాపుకోలేకపోయారు. ఎర్నిస్ నేలమీద దొర్లాడు. ఏజె మాత్రం నవ్వలేదు. నవ్వు పెదవుల దాకా వచ్చినా బలవంతంగా మింగేసింది.

దిగేటప్పుడు స్టవ్వు సంచిలోంచి బయటికి రాలేదు. ఏజె నాలుగైదు చోట్ల ఆగింది, అదీ ఆయన్ని తిట్టడానికే. తిట్టినంతసేపూ ఒరొజాలి ఆకె చేతులు కట్టుకుని నిలబడి విన్నాడు. ఆమె ఊపిరి సర్దుకున్నాక మళ్లీ నడిచాడు. వెనకాల ఏజె అడుగులు బరువెక్కాయని, తిట్లు మాత్రం ఆగిపోయాయని వినబడినప్పుడల్లా, ఆయన తల తిప్పకుండానే అనేవాడు:

"ఇరవై ఏడు కూడా ఉండొచ్చు."